బూటులో కుడితి

మంచుకొండలు చూడబోయి మేకలకు విందు పెట్టిన కథ చెబుతాను. మొహమాటపడకుండా నవ్వుకోండి. ఏడవాల్సిన ఏడుపంతా నేను అప్పుడే ఏడ్చేశాను.

డెబ్భైల్లో, ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన రోజులవి. ఫ్యాక్టరీ క్లబ్బు వాళ్ళు హిమాలయాలు ఎక్కడానికి ఒక్కరిని పంపిస్తామన్నారు. జీతంతో సెలవు, రైలు టిక్కెట్టు కూడా వాళ్ళదే. పురానాపూల్‌లో బర్రెల మధ్య పెరిగిన నాకు మంచు అంటే బండి మీద గీకి అమ్మే ఐసే. ఎలాగైనా ఆ సీటు కొట్టాలనుకున్నాను. పరీక్ష ఒకటే, ఆదివారం చాంద్రాయణగుట్ట అవతల రాళ్ళగుట్ట ఎక్కి చూపించాలి.

ఇక నా పాదాల సంగతి. వెడల్పుకు చాటలు, చెమటకు ఊట బావులు. మా అమ్మ వాటిని బర్రె కాళ్ళు అనేది, అదీ ముద్దుగానే. అఫ్జల్‌గంజ్‌లో బూట్లమ్మే భాయ్ వాటిని చూసి చేతిలోని బూటు కింద పెట్టేశాడు.

"అరె మియా, యే పావ్ హై కి పరాత్?" అన్నాడు, ఇది పాదమా పరాతా అని. పరాత్ అంటే పెళ్ళిళ్ళలో పిండి కలిపే పళ్ళెం.

"కొండెక్కాలె భాయ్. మంచి జత చూపియ్యి."

వెడల్పు జత ఒకటి తీశాడు. కాలికి హాయిగానే ఉంది గానీ చూడడానికి మూసీలో వదిలిన పుట్టిలా ఉంది. పక్కనే సన్నగా, నిగనిగలాడుతూ ఇంకో జత. బలవంతంగా దూర్చాను.

"బిగుతుగున్నది గద భాయ్."

"రెండు దినాలు తొడుగు, లూజైతది. ఫికర్ మత్ కరో."

గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టు నమ్మాను.

మిగిలింది చెమట. మా కొట్టంలో తడి నేల మీద తవుడు ఒలికితే నీళ్ళు పీల్చేసుకోవడం రోజూ చూసేవాణ్ణి. ఇంకేం, ఆదివారం పొద్దున్నే డబ్బాలో మిగిలిన బర్రె తవుడంతా చెరో దోసెడు బూట్లలో పోసి కాళ్ళు దోపాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను అడుసును బూటులో కట్టుకుని మరీ బయలుదేరాను.

సగం గుట్ట ఎక్కేసరికి తవుడు చెమట తాగి ఉబ్బింది. అడుగేస్తే పిచపిచ. పైగా కుడితి వాసన.

"ఏందిరా మల్లేశా, పెండ తొక్కినట్టు నడుస్తున్నవ్?" అన్నాడు యాదగిరి, నాతో పోటీకొచ్చినవాడు. వాడి కాళ్ళకు టైరు చెప్పులు.

"గదొక స్టైలు తియ్యి," అన్నాను పళ్ళు బిగించి.

వాడు ముందుకెళ్ళగానే రాయి మీద కూలబడ్డాను. బూటు లాగితే రాదు. అప్పుడొచ్చింది మేకల మంద. ఒకటి వాసన చూసింది, ఇంకొకటి లేసు నమిలింది. మూడోది బూటు మడమ పట్టి గుంజితే పాదం బయటపడింది, వేళ్ళ సందుల్లో ముద్ద ముద్దగా తవుడు. రెండో బూటు నేనే ఊడబెరికాను. ఇక నాకడం మొదలుపెట్టాయి. అసలే నాకు చక్కిలిగింత ఎక్కువ. గుట్టంతా వినబడేలా నవ్వుతూ, బూట్లు వదిలేసి ఉత్త కాళ్ళతో పైకి పరుగెత్తాను. మేకలూ వెంటపడ్డాయి. యాదగిరిని ఎప్పుడు దాటానో తెలియదు.

శిఖరం మీద మా క్లబ్బు సెక్రటరీ దేవదానం సారు నిలబడి ఉన్నారు. నన్ను చూశారు, నా వెనక మందను చూశారు.

"అందరి కంటె ముందొచ్చినవ్. శభాష్. గని మంచుల గిట్లనే ఉత్త కాళ్ళతోని ఉరుకుతవా?"

"లే సార్, బూట్లేసుకుంట."

"ఏవి?"

కిందికి చూపించాను. ఒక బూటులో మేక తలకాయ ఉంది. రెండోది ఏ మేక ఎత్తుకుపోయిందో కనబడలేదు.

సీటు టైరు చెప్పులకే పోయింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఇంటికెళ్ళేసరికి అమ్మ ఖాళీ తవుడు డబ్బా ముందు కూర్చుని ఉంది. దాణా లేక బర్రె పాలివ్వనని మొండికేసిందట. జరిగిందంతా చెప్పాను. అమ్మ నా పాదాలను తేరిపార చూసింది.

"బర్రె కాళ్ళని నేను ఉత్తగనే అన్న బిడ్డా. నువ్వు నిజంగనే దాణా పెట్టినవా?"

ఆ సాయంత్రం కొట్టంలో బర్రె తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: నా కంఠంలో ప్రాణం ఉండగా నా కాళ్ళకు మేత వెయ్యను. బర్రె గంభీరంగా విన్నది. విని, వంగి, నా బొటనవేలు నాకింది.