సార్ నేర్పిన భయం

పోయిన నెల ఒక ఉదయం కాలేజీకి బయలుదేరబోతుంటే పెద్దమ్మ ఫోను చేసింది. "పాపా, మీ సారు పోయినాడు" అంది. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఏడవలేదు. ఎప్పుడు, ఎలా అని అడగలేదు. "కాలు వల్లేనా పెద్దమ్మా?" అన్నాను.

"కాలు కాదులే తల్లీ. గుండె. కాఫీ తాగతా తాగతానే పక్కకు వాలిపోయినాడు. నువ్వు ఆ మాట మనసులో పెట్టుకోమాక" అంది.

భర్త పక్కనే ప్రాణం లేకుండా ఉంటే, ఆ మనిషి నన్ను ఓదార్చింది. నేనెందుకు అలా అడిగానో ఆమెకు తెలుసు. మీకు తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మార్కాపురంలో మా ఇంటికి మూడిళ్ల అవతల వాళ్ల ఇల్లు. సార్ ఐటీఐలో ఫిట్టరు పని నేర్పి రిటైరయ్యారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి ఇక్కడే ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తున్నాను. అయినా వీధి మొత్తానికి ఆయన సారే కాబట్టి నాకూ సారే. ఆయన భార్యను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. సార్ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్టీలు స్కేలు ఉండేది. ఏ మిషను ముట్టుకోబోయినా ముందు సబ్బుతో చేతులు కడుక్కునేవారు. "పని అయినాక అందరూ కడుక్కుంటారు. మన చేతి దుమ్ము మిషన్‌కు అంటకుండా ముందు కడుక్కునేటోడే మెకానిక్కు" అనేవారు.

మా పరిచయం ముదిరింది ఒక బగ్గీ వల్ల. మా తమ్ముడు బెంగళూరులో ఇల్లు మారుతూ ఒక అట్టపెట్టె తెచ్చి నా గదిలో పడేసి వెళ్లాడు. అందులో బగ్గీ అనే, రిమోటుతో నడిచే రేసు బండి ఉంది. మూరెడు పొడవు, రెండు కిలోలకు కాస్త తక్కువ బరువు. తిరునాళ్లలో కొనే బొమ్మకారు కాదది. షాక్ అబ్జార్బర్లు, గేర్లు, బేరింగులు, అన్నీ నిజం బండికి ఉన్నట్టే ఉంటాయి. వదిలితే మోటార్ సైకిలంత వేగంతో పోతుంది. ముప్పై రెండేళ్ల ఆడమనిషిని, నాకేం పట్టిందో తెలియదు, మొదటిసారి రిమోటు ట్రిగ్గరు నొక్కినప్పుడే దానికి బానిసనైపోయాను.

ఊరి బయట పని ఆగిపోయిన పలకల గని ఒకటుంది. దాని పక్కనున్న ఖాళీ జాగాలో ఆదివారం ఉదయాలు నడిపేదాన్ని. నేలంతా పలక పెచ్చులు, కత్తుల్లా ఉంటాయి. మొదటి ఆదివారమే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ప్లాస్టిక్ చెయ్యి విరిగింది. కొత్తది వేస్తే అదీ విరిగింది. విసుగొచ్చి అల్యూమినియంవి తెప్పించి బిగించాను. ఈసారి చేతులు విరగలేదు, వాటి వెనకున్న గేర్ల పెట్టె నిలువునా పగిలింది. అప్పుడు తీసుకుపోయి సార్ ముందు పెట్టాను.

ఆయన చేతులు కడుక్కుని వచ్చి, బండిని బోర్లా తిప్పి చాలాసేపు చూశారు.

"గట్టి వస్తువు దెబ్బ తినదు పాపా. పక్కోడి మీదికి తోస్తాది. ఆ ప్లాస్టిక్‌వే మళ్లీ తెప్పియ్యి."

"అవి విరుగుతున్నాయి కదా సార్?"

"ఎండి పెళుసెక్కినాయి. నీళ్లలో ఉడకబెడదాం. వంగేటిదయితే విరగదు."

పెద్దమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "పప్పు వండే గిన్నెలో బండి కాళ్లు ఉడకబెడతారా! ఏం మనుషులమ్మా" అని కేకలేసింది. వేస్తూనే గిన్నె ఇచ్చింది. అలా ఉడకబెట్టిన చేతులు మళ్లీ విరగలేదు. ముందు వైపు పాత సైకిలు టైరు ముక్క ఒకటి కోసి అడ్డంగా కట్టారు. గేర్ల మధ్య ఎంత సందుండాలో చూడటానికి నోటుబుక్కు కాగితం చీల్చి పెట్టేవారు. కాగితం మడత పడాలి, చినగకూడదు. బండి నేలకు ఎంత ఎత్తులో ఉండాలో కొలవడానికి రెండు పలక ముక్కలు అరగదీసి ఇచ్చారు. మలుపులో బండి తోక తిప్పేస్తోందని నేను ఒకే రోజు స్ప్రింగులు, ఆయిలు, టైర్లు అన్నీ మార్చి తీసుకెళితే మాత్రం కోప్పడ్డారు.

"ఒకసారికి ఒకటే మార్చాల. మూడు మార్చినావనుకో, బాగైతే ఎందుకు బాగైందో తెలీదు, చెడితే ఎందుకు చెడిందో తెలీదు. ఇంకేం నేర్చుకుంటావు?"

అలా ఆరు నెలలు గడిచాయి. సార్ కూడా గనికి రావడం మొదలుపెట్టారు. మలుపు దగ్గర నిలబడి, బండి వెళ్లే తీరు చూసి చేత్తో సైగలు చేసేవారు.

ఒక ఆదివారం జాగా చివర ఇద్దరు ఆడవాళ్లు మాకు వీపు పెట్టి కూర్చుని పనికొచ్చే పలకలు ఏరుకుంటున్నారు. వాళ్లు చాలా దూరంలో ఉన్నారనుకున్నాను. నేరుగా ఉన్న దారిలో పూర్తి వేగం ఇచ్చాను. మలుపు రాగానే ట్రిగ్గరు వదిలేశాను. బండి ఆగలేదు. స్టీరింగు తిప్పాను. తిరగలేదు. అది అదే వేగంతో తిన్నగా ఆ ఇద్దరి వైపు పోతోంది. అరవాలన్న సంగతి కూడా తోచలేదు. చేతిలో రిమోటు ఉంది, దాంతో చెయ్యగలిగింది ఏమీ లేదు. అంత నిస్సహాయంగా, అంత చల్లగా భయం ఒంట్లోకి దిగడం నాకు అదే మొదలు.

మలుపు దగ్గరున్న సార్ రెండు అంగల్లో అడ్డం వచ్చి కాలు పెట్టారు.

చప్పుడు విని ఆడవాళ్లు వెనక్కి తిరిగారు. బండి పల్టీ కొట్టి చక్రాలు పైకి పెట్టి ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉంది. సార్ ముందుకు వంగి దాన్ని ఒడిసిపట్టి బ్యాటరీ తీగ లాగేసి, అప్పుడు కింద కూర్చున్నారు. ప్యాంటు మోకాలి కింద చినిగి, రక్తం చెప్పులోకి కారుతోంది.

"వాళ్లకేం తగల్లేదు గదా?" అన్నారు.

ఆయనకు ఇరవై ఏళ్లుగా షుగరు. గాయం పది రోజులకు మానలేదు. ఇరవై రోజులకు అంచులు నల్లబడ్డాయి. ఒంగోలులో డాక్టరు పాదం నొక్కి చూసి, ఎముక దాకా పోతే మోకాలి కింద తీసేయాల్సి వస్తుందని చెప్పాడు. వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఆ మాట విన్నాను. ఆ రెండు నెలలు నేనెలా బతికానో చెప్పలేను. కాలేజీ నుంచి వస్తూ వాళ్ల గుమ్మం ముందు ఆగి, లోపలి నుంచి మాటలు వినబడితేనే ఊపిరి పీల్చుకునేదాన్ని. కట్టు విప్పినప్పుడల్లా వాసన వస్తుందేమోనని ముక్కు బిగబట్టేదాన్ని, మళ్లీ వాసన చూసేదాన్ని. పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. వెళ్లినప్పుడల్లా నా చేతికి కాఫీ గ్లాసు ఇచ్చేది.

మూడో నెలలో ఒక రోజు కట్టు మార్చే నర్సు, "ఎర్ర కండ వచ్చింది సార్. ఇంక భయం లేదు" అంది. నేను బయటికి వచ్చి ఆటోలో కూర్చుని ఏడ్చాను.

నడవగలిగిన వారానికే సార్ నన్ను పిలిచారు. "బండి యాడ పెట్టినావు?"

"గోనెసంచిలో కట్టి మంచం కింద తోశాను. ఇంక దాన్ని ముట్టను సార్."

"నువ్వు ముట్టకపోతే రేపు ఇంకెవరో ముట్టుకుంటారు. తప్పు దాంట్లో అట్లనే ఉంటాది. తీస్కరా."

తీసుకొచ్చాను. రిసీవరు పెట్టె మూత విప్పితే తప్పు కనిపించడానికి పది నిమిషాలు పట్టలేదు. రిమోటు సిగ్నలు అందుకునే రిసీవరు నుంచి వచ్చే వెంట్రుకంత తీగ మూత కింద నలిగి, పైతొడుగు బాగానే ఉండి, లోపల తెగిపోయింది. సిగ్నలు పోతే బండి దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఆ రిసీవరులో ఉంది. దాన్ని సెట్ చేసుకోవాలి. నేను చేయలేదు. డిప్లొమా చదివింది నేను.

"ఎందుకు చేయలే?" అన్నారు సార్.

నిజమే చెప్పాను. "అప్పుడు నాకు భయం లేదు సార్."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టారు. "నేను పనిలో చేరిన కొత్తలో ఒక పిల్లోడి చొక్కా చెయ్యి లేత్ మిషన్‌లో పడింది పాపా. నేను అటు తిరిగి బోర్డు మీద రాస్తా ఉన్నా. మూడు వేళ్లు పోయినాయి. ఆ పొద్దు నుంచి రిటైరయ్యేదాక, రోజూ పొద్దున మెయిన్ స్విచ్చి వేసేటప్పుడు నా చెయ్యి వణికేది. మీ పెద్దమ్మకు గూడా చెప్పలే."

"మరి ఎట్లా చేశారు సార్ అన్నేళ్లు?"

"భయం పోవాలని చూడలే. దానికి పని చెప్పినా. చెయ్యి వణికినప్పుడల్లా పోయి పిల్లోళ్ల చొక్కాల చేతులు మడిపిచ్చేటోణ్ణి. నీకు భయమేసినప్పుడల్లా ఒక స్క్రూ చూసుకో. అంతే."

కొత్త తీగ వేశాం. ఆగిపోయే ఏర్పాటు సెట్ చేశాను. చక్రాలు గాల్లో ఉండేలా బండిని ఇటుక మీద నిలబెట్టి, పూర్తి వేగంలో తిరుగుతుండగా రిమోటు ఆపేసి చూశాం. చక్రాలు ఆగాయి. ఆయన నాతో ఇరవైసార్లు చేయించారు.

మళ్లీ గనికి వెళ్లిన రోజు సార్ చేతికర్రతో అదే మలుపు దగ్గర నిలబడ్డారు. నా వేలు ట్రిగ్గరు మీద ఉంది, నొక్కడానికి రావడం లేదు.

"నేనీడ ఉంటా. పోనియ్యి" అన్నారు.

"మీరు ఆ పలకల గుట్ట వెనక్కి పోతేనే నడుపుతాను సార్."

"సెట్ చేసినావు గదా?"

"చేశాను. అయినా పోవాలి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి నవ్వారు. "ఇప్పుడొచ్చింది నీకు నడపడం" అంటూ కుంటుకుంటూ గుట్ట వెనక్కి వెళ్లారు.

మరుసటి చలికాలం హైదరాబాదు శివార్లలో ఒక చిన్న పోటీకి ఇద్దరం బస్సులో వెళ్లాం. పన్నెండు బండ్లు. నడిపేవాళ్లంతా ఎత్తు మీద వరుసగా నిలబడతారు. బండి బోల్తా పడితే నిలబెట్టడానికి ట్రాకులో మనుషులుంటారు. నాకు కనిపించిందల్లా వాళ్ల కాళ్లే. నా బండి నాలుగో స్థానంలో ఉన్నప్పుడు, బండ్లు ఎగిరి దూకే మట్టి దిబ్బ దాటిన తర్వాత ఒకతను పడిపోయిన బండి కోసం అడ్డంగా అడుగేశాడు. దారి ఉంది, పోవచ్చు. నేను బ్రేకు కొట్టాను. వెనకవాళ్లు నన్ను దాటి పోయారు. చివరికి ఎనిమిదో స్థానం వచ్చింది.

దిగి వచ్చేసరికి సార్ బండిని ఒళ్లో పెట్టుకుని స్క్రూలు లెక్కపెడుతున్నారు. "ఒక్కటి గూడా పోలే" అన్నారు. తలెత్తకుండా, "నువ్వు బ్రేకు కొట్టింది చూసినా" అన్నారు. ఆ మాట నాకు ఏ బహుమతికీ తక్కువ కాలేదు.

ఆయన పోవడానికి ముందు ఆదివారం కూడా గనికి వెళ్లాం. వాన పడి చాలా రోజులైంది. సార్ కుర్చీ తెమ్మన్నారు, ఎప్పుడూ అడగనిది. మాట మాటకూ ఆయాసపడుతున్నారు. నాకు లోపల పాత చలి మళ్లీ మొదలైంది. ఇంటికి పోదాం, డాక్టరు దగ్గరికి పోదాం అన్నాను.

"రేపు పోదాంలే. ఇంకో రౌండు పోనియ్యి."

"సార్, మీ మొహం బాగాలేదు."

"నువ్వు భయపడేది తప్పు గాదు. రేపు పోదామంటిని గదా."

సోమవారం ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. మందులు మార్చి, ఒంగోలు పోయి పరీక్షలు చేయించుకోమన్నారు. గురువారం వెళ్లాలనుకున్నాం. బుధవారం పొద్దున పెద్దమ్మ ఫోను వచ్చింది. నేను చూడవలసిన స్క్రూ ఇంకేదైనా మిగిలిపోయిందా అని ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను.

ఆ ఆదివారం మాత్రం ఆయన అడిగిన రౌండు తిప్పాను. మెల్లగా, దూరంగా. బండి మలుపు తిరిగినప్పుడు బూడిదరంగు పలక దుమ్ము గుప్పున లేచి, గాలికి వాలుగా మా వైపు వచ్చింది. నేను చున్నీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను. సార్ పెట్టుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి మోటారు చప్పుడు వింటున్నారు. దుమ్ము ఆయన తల మీద, కనుబొమల మీద, మోకాళ్ల మీద పెట్టుకున్న రెండు చేతుల మీద నెమ్మదిగా దిగుతూ ఉంది.