నాటకాలు చూడని నాటకాల సారు

సారు పోయారన్న మెసేజీ మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మంగళవారం పొద్దున వచ్చింది. నేనప్పుడు ఆఫీసు లిఫ్టులో ఉన్నాను. మెసేజీ కింద అప్పటికే చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. నేనూ ఒకటి పెట్టి, సీటు దగ్గరికి వెళ్ళి, సిస్టమ్ ఆన్ చేసి, మీటింగులో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఈ వయసులో చావు కబుర్లు పనుల మధ్యే వస్తాయి, పనుల మధ్యే సర్దుకుపోతాయి. మధ్యాహ్నం నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "గేటు దగ్గర కూర్చునే ఆయనేనా?" అన్నాడు. నాన్న ఆయన్ని జీవితంలో చూసింది ఒక్కసారే. అవునన్నాను. "మంచాయనమ్మా" అని ఫోన్ పెట్టేశాడు. అప్పుడొచ్చింది ఏడుపు.

పంజాగుట్టలోని మా డిగ్రీ కాలేజీలో సారు కామర్స్ చెప్పేవారు. ఆ కాలేజీ హాల్లో ఏటా చలికాలంలో మూడు రోజులపాటు విద్యార్థుల నాటకోత్సవం జరిగేది. నగరంలోని కాలేజీల నుంచి పిల్లలు జట్లుగా వచ్చి నాటికలు వేసేవారు. దాన్ని మొదలుపెట్టింది తెలుగు లెక్చరర్ ఒకాయన. ఆయన రిటైరయ్యాక ఎవరూ ముందుకు రాకపోతే, స్టాఫ్ రూములో ఖాళీగా కనబడ్డ పాపానికి ప్రిన్సిపాల్ ఆ బరువు సారు నెత్తిన పెట్టారు. సారుకి నాటకం గురించి ఏమీ తెలియదు. తెలిసినట్టు నటించనూ లేదు. రిహార్సల్ గది తలుపు దగ్గర నిలబడి, "ఫ్యాన్ తిరుగుతుందా? నీళ్ళున్నయా?" అని అడిగి వెళ్ళిపోయేవారు. ఎవరైనా స్క్రిప్టు చదివి చెప్పమంటే ఎప్పుడూ ఒకటే మాట: "నాకు నాటకాలు తెల్వయి బిడ్డా. నాయినలు తెలుసు."

ఆ ఉత్సవానికి కావలసింది సరిగ్గా అదే. వైటూకే అంటూ, కంప్యూటర్ ఉద్యోగాలంటూ ఊరంతా ఒకటే పాట పాడుతున్న రోజులవి. అమీర్‌పేటలో గోడలు కనిపించేవి కావు, కంప్యూటర్ కోర్సుల బ్యానర్లే కనిపించేవి. తండ్రులు పిల్లల్ని ఆ కోర్సుల్లో చేర్చేవారు, నాటకం పేరెత్తితే మండిపడేవారు. మా జట్టులో ఒకడికి పొద్దున్నే జావా క్లాసు, ఇంకొకడికి సాయంత్రం ఒరాకిల్ క్లాసు. తల్లి వేషం వేసే అమ్మాయి వచ్చేసరికి కొడుకు వేషం వేసేవాడు వెళ్ళిపోయేవాడు. నేను చాలా డైలాగులు కిటికీకి చెప్పి ప్రాక్టీసు చేశాను. సారు స్కూటరేసుకుని ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి, రిసెప్షన్ దగ్గర నిలబడి, ఫలానా పిల్లవాడిని ఒక్క వారం వేరే బ్యాచ్‌లో కూర్చోబెట్టమని బతిమాలేవారు. హాస్టల్ వార్డెన్లనూ బతిమాలేవారు. తిరిగొచ్చి రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "ఒప్పుకున్నడు, జర సతాయించిండు" అనేవారు. అంతకు మించి చెప్పేవారు కాదు.

ఉత్సవం జరిగే సాయంత్రాలు మాత్రం ఆయన గేటు దగ్గరే ఉండేవారు. వాచ్‌మన్ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీలో తను, ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ. నాటకం చూడటానికి వచ్చేవాళ్ళ నడక వేరు, పిల్లల్ని లాక్కుపోవడానికి వచ్చే తండ్రుల నడక వేరు అనేవారు. ఆ రెండో నడక కనబడగానే లేచి ఎదురెళ్ళేవారు. "ఆఫీసు నుంచి సీదా వచ్చిన్రా? ఏమన్న తిన్నరా?" ఇదే ఆయన మొదటి మాట. కళ గొప్పదనం గురించి ఒక్క ముక్క కూడా ఎత్తేవారు కాదు. "కోపంల ఉన్నోనికి కళ గురించి చెప్తరా ఎవరన్న? చాయ్ తాపాలె" అనేవారు. చాయ్ తెప్పించి, మీది ఏ ఊరు అని, మీ పైఆఫీసరు ఎట్లాంటివాడు అని, ఇంటి ఓనరు నీళ్ళు ఎప్పుడు వదులుతాడు అని అడిగేవారు. అలిసిపోయి వచ్చిన ఆ మనుషుల్ని ఈ ఊళ్ళో ఆ మాటలు అడిగినవాళ్ళు లేరు. నాటిక నిడివి నలభై నిమిషాలు. అంతసేపటికి ఆ కబుర్లు సరిపోయేవి. దాంతో ఆయన ఒక్క నాటికా పూర్తిగా చూడకుండానే ఏటికేడు ఆ ఉత్సవం జరిపించారు. బహుమతుల వేళకి మాత్రం లోపలికి వచ్చి, నాటికల పేర్లు తప్పులు చదివి అందర్నీ నవ్వించేవారు.

మా నాన్న లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వాఫీసులో గుమాస్తా. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఎస్.ఆర్. నగర్‌లో కాపురం పెట్టాం. ఆయనకి నాటకమంటే కోపం లేదు, భయం. మా నాటిక రోజు మర్నాడే నాకొక కంపెనీలో ఇంటర్వ్యూ పడింది. "ఇంటర్వ్యూ పెట్టుకుని ఈ నాటకాలేంటమ్మా, ఫోన్ చేసి రానని చెప్పు" అని పొద్దున ఆఫీసుకి వెళుతూ అన్నాడు. నేను అమ్మకి చెప్పి వచ్చేశాను. ఇంట్లోంచి గెంటేసిన కోడలి వేషం నాది. జుట్టు విరబోసుకుని నడిమధ్యన నిలబడి అత్తింటివాళ్ళందర్నీ నిలదీయాలి. ఇంకాసేపట్లో స్టేజీ మీదికి వెళ్ళాలనగా, మా జట్టు పిల్ల ఒకతె పరుగెత్తుకొచ్చి, "మీ నాన్న వచ్చాడే" అంది. ఎక్కడున్నాడని అడిగాను. "సార్ దగ్గర కూర్చున్నాడు" అంది.

నేను స్టేజీ ఎక్కాను. ఒక్క మాట తడబడకుండా చివరిదాకా చేశాను. చప్పట్లు పడ్డాయో లేదో గుర్తులేదు గానీ, ఆ కాసేపూ నేను పూర్తిగా అక్కడే ఉన్నానన్నది గుర్తుంది. ఆ తర్వాత ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ పనిలోనూ అంత నిండుగా ఉన్నది లేదు. మొహం కడుక్కుని బయటికి వచ్చేసరికి నాన్న ఖాళీ చాయ్ గ్లాసు పట్టుకుని సారుతో ఏదో చెబుతున్నాడు. స్కూటర్ మీద ఇంటికి వెళుతుంటే, "మీ సారుకి కూడా షుగరంట. మెంతులు నానబెట్టుకుని తాగమన్నాడు" అన్నాడు. నాటిక ఎలా జరిగిందని ఆ రోజూ అడగలేదు, ఇప్పటిదాకా అడగలేదు. మర్నాడు ఇంటర్వ్యూ బాగానే జరిగింది, ఉద్యోగమూ వచ్చింది.

నాకు మాత్రం సారు మీద కోపమొచ్చింది. రెండ్రోజుల తర్వాత స్టాఫ్ రూముకి వెళ్ళి, "మా నాన్నని లోపలికి తీసుకురావచ్చు కదా సార్. ఒక్కసారి చూస్తే అర్థమయ్యేది కదా" అన్నాను.

ఆయన పేపర్లు దిద్దుతున్నారు. పెన్ను పక్కన పెట్టారు.

"నేనూ గట్లనే అనుకున్న, మొదటేడు. ఒక పిలగాని తండ్రి వస్తే తోల్కపోయి ముందు వరసల కూసోబెట్టిన. కొడుకును చూస్తే కరుగుతడనుకున్న. ఆయన ఇట్ల చూసిండు, లేచిండు, స్టేజీ ఎక్కిండు. కొడుకు చెయ్యి పట్టుకొని ఇంటికి నడువ్ అన్నడు. గా నాటకంల సుత తండ్రీకొడుకుల లొల్లే. హాలంత నాటకమే అనుకొని చప్పట్లు కొట్టింది. నేను సుత కొట్టిన బిడ్డా. నాకేం తెలుసు? ఆ పిలగాడు మొకం మీద రంగుతోనే దిగి పోయిండు. మళ్ళ నాటకం దిక్కు రాలే. నేను కనపడితే తల దించుకొని పోతుండె."

"లోపల నీ పని నువ్వు చెయ్యి. బయట నా పని నేను చేస్త" అని మళ్ళీ పెన్ను తీసుకున్నారు. ఆ తర్వాత నేను ఆయన్ని ఆ సంగతి అడగలేదు.

ఉద్యోగంలో చేరాక కూడా ఏటా ఉత్సవానికి సెలవు పెట్టి వెళ్ళి పిల్లలకి మేకప్ వేసేదాన్ని. మధ్యలో ఒకసారి కంపెనీలు కుదేలైనప్పుడు తండ్రులు గుంపులుగా వచ్చారు. ఆ ఏడు సారుకి మాట్లాడి మాట్లాడి గొంతు పోయింది. తర్వాత మళ్ళీ ఉద్యోగాలు పుంజుకున్నాయి, గేటు దగ్గరికి వచ్చే తండ్రులు తగ్గారు. కాలం మారిందని మేమంతా సంతోషించాం. మారింది తండ్రులు కాదని అర్థం కావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. పిల్లలే రావడం మానేశారు. రెండో ఏడు చదువుతుండగానే కాల్ సెంటర్లో రాత్రి డ్యూటీలు, పగలు నిద్ర. పేరిచ్చిన జట్లు ఉత్సవం రేపనగా ఫోన్ చేసి రామనేవి. ఒక కుర్రాడైతే సారు మొహం మీదే, "టైం వేస్ట్ కదా సార్" అన్నాడు. అంతమంది తండ్రుల్లో ఒక్కరూ ఆయన్ని అంత మాట అనలేదు. సారు ఆ సాయంత్రం చాలా డీలా పడిపోయారు. "తండ్రులైతే కూసోబెట్టి మాట్లాడొచ్చు. పిలగాడే వద్దంటే ఎవరితోని మాట్లాడాలె?" అని నన్నడిగారు. నాకూ ఆ నెలలో ఒక్కరోజే సెలవిచ్చారు.

చివరి ఏడు మూడు రోజుల ఉత్సవం ఒక్క సాయంత్రానికి కుదించుకుపోయింది. అదే చివరిదని అప్పుడు తెలియదు. ఆ వేసవిలో సారు రిటైరయ్యారు, ఆ బరువు ఇంకెవరి నెత్తినా పెట్టలేదు. ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆలస్యమైంది. గేటు దగ్గర ఆయన లేరు. లోపల సగం పైన కుర్చీలు ఖాళీ, వచ్చినవాళ్ళలో ఎక్కువమంది సినిమా వేషాల కోసం తిరిగే కృష్ణానగర్ కుర్రాళ్ళే. మూడో వరసలో సారు కనిపించారు. వెళ్ళి పక్కన కూర్చుని, "ఏంటి సార్, ఇక్కడున్నారు?" అన్నాను.

"బయట ఎవరొస్తలేరు బిడ్డా. ఊకె కూసుని ఏం చెయ్యాలె? ఇన్నేండ్లల్ల ఒక్కటన్న పూర్తిగ చూద్దామని" అన్నారు.

తెర లేచింది. ఇల్లు అమ్మడం గురించి అన్నదమ్ములిద్దరి తగాదా. సారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, క్లాసులో కూర్చున్న పిల్లవాడిలా కాసేపు శ్రద్ధగా చూశారు. తర్వాత మెల్లగా తల వాలిపోయింది. స్టేజీ మీద అన్న వేషం వేసినవాడు అది చూశాడు. అరవాల్సిన డైలాగుని అరవకుండా చెప్పాడు. తమ్ముడు ఒక క్షణం తికమకపడి, వాడి చూపు వెంట చూసి, తనూ గొంతు తగ్గించాడు. ఇల్లు అమ్మే అంత పెద్ద తగాదానీ ఇద్దరూ గుసగుసగా ఆడుకొచ్చారు. హాల్లో ఎవరూ నవ్వలేదు. వెనక కూర్చున్న కుర్రాళ్ళు ముందు వరసల్లోకి చప్పుడు కాకుండా జరిగి విన్నారు.

చివర్లో చప్పట్లకి సారు ఉలిక్కిపడి లేచారు. మొహం తుడుచుకుని, "అయిపోయిందా? ఎట్ల చేసిన్రు?" అన్నారు.

"బాగా చేశారు సార్."

"బయట ఎవరన్న వచ్చిన్రా?"

ఎవరూ రాలేదని చెప్పాను. అయినా ఒకసారి చూసొస్తానని, కుర్చీ కింద చెప్పులు కాళ్ళతో వెతుక్కుని, బయటికి వెళ్ళారు. కాసేపటికి నేనూ వెళ్ళాను. కంప్యూటర్ క్లాసులు వదిలిన వేళ. భుజాలకి బ్యాగులతో పిల్లలు రోడ్డు నిండా పోతున్నారు, ఒక్కరూ మా వైపు తిరగడం లేదు. సారు గేటు రెక్క పట్టుకుని, వాళ్ళ నడకలు చూస్తూ నిలబడి ఉన్నారు.