ఇరవై లీటర్ల కూలర్, ఐదు కిలోల రాగిపిండి

గల్ఫ్‌లో రుస్తాఖ్ దగ్గర ఒక రెడీమిక్స్ కాంక్రీటు ప్లాంటులో, పరీక్షల గదిలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. ప్రతి లోడుకూ తేదీ, సమయం, ఉష్ణోగ్రత, నీటి మోతాదు రాసి పెట్టడం నా వృత్తి. అంకె లేని మాటను నమ్మే అలవాటు నాకు లేదు. మా పనిలో మార్పులేని నియమం ఒకటుంది: కలిపిన కాంక్రీటులో తరువాత నీళ్లు పోయకూడదు. ఎండకు దారిలో గట్టిపడుతోందని డ్రైవర్లు చాటుగా పోస్తుంటారు. చూడ్డానికి జారుడుగా, బాగానే ఉంటుంది. ఆ కాంక్రీటుతో పోసిన దిమ్మెను ఇరవై ఎనిమిదో రోజున యంత్రంలో నొక్కి చూస్తే బలం తగ్గి ఉంటుంది.

అలా నీళ్లు పోసిన ఒక లోడును ఏడేళ్ల కిందట సైట్‌లో అందరి ముందూ వెనక్కి పంపాను. ఆ బండి నడిపినవాడు కడప మనిషి. ఆ తరువాత మా కంపెనీ కార్మికుల క్యాంపులో నా పక్క రూమ్‌లోకి వచ్చాడు. కోపం పెట్టుకోలేదు. నన్ను చూసినప్పుడల్లా “సలాం సారూ, ఈ పొద్దు ఎన్ని లోళ్లు తిప్పి పంపినావు?” అనేవాడు.

నిరుడు మార్చిలో అతని వీసా రద్దయింది. శుక్రవారం రాత్రి విమానం. ఆ మధ్యాహ్నం మెస్‌లో నలభై రెండు మందికీ తన చేత్తో అంబలి పోసి వెళ్లాలని అతని కోరిక. “పదకొండేండ్లు మీ అందరి వంటలూ తింటి. మా ఇంటి కూడు ఒక్క పూటన్నా మీకు పెట్టకుండా పోతే ఎట్లా?” అన్నాడు. అతని భార్య రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి పంపిన పిండి ఐదు కిలోలు ఉంది. మళ్లీ దొరికేది కాదు.

వాళ్ల ఇంటి పద్ధతిలో మొలకల పిండిని వేడినీళ్లలో కలిపి, వేడి తగ్గకుండా రెండు గంటలు మూసి పెట్టాలి. అప్పుడు తీపి దిగుతుంది. ఆ తరువాత చల్లార్చి, ముందునాటి పులిసిన అంబలి ఒక గ్లాసు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున కాచాలి. మెస్‌లో బిర్యానీ వండే పెద్ద గిన్నె శుక్రవారం పొద్దున గాని ఖాళీ కాదు. వేడి నిలిపే పాత్ర ఒక్కటే మాకు ఉంది: సైట్‌లో తాగునీటికి వాడే పసుపుపచ్చ కూలర్, ఇరవై లీటర్లది.

గురువారం మధ్యాహ్నం కాగితం తీసి లెక్క వేశాను. కిలోకు నాలుగు లీటర్లని అతనే చెప్పాడు. ఐదు కిలోలకు ఇరవై లీటర్ల నీళ్లు, పిండి ఆక్రమించే చోటు మూడున్నర లీటర్లు. మొత్తం ఇరవై మూడున్నర. పట్టదు.

“పన్నెండు లీటర్లే పోసి గట్టిగా కలుపుదాం సారూ. మిగతా నీళ్లు పొద్దున పెద్ద గిన్నెలో పోసుకుందాం. ఏముంది దాంట్లో?”

“కలిపిన తరువాత నీళ్లా? నీకు బుద్ధి రాలేదా ఇంకా?”

“ఇది కాంక్రీటు గాదు సారూ. కూడు.”

నేను వినలేదు. ఒక కిలో తీసి పక్కన పెట్టించాను. నాలుగు కిలోలు, పదహారు లీటర్లు. కూలర్‌లో పద్ధెనిమిది లీటర్ల ఎనిమిది వందల మిల్లీలీటర్లకు వచ్చింది, మూత బిగిసింది. థర్మామీటరు అరవై ఐదు చూపింది. కాచేటప్పుడు ఆవిరి పోగా పదిహేడు లీటర్లు మిగులుతుందని అంచనా. మనిషికి నాలుగు వందల మిల్లీలీటర్లు చొప్పున నలభై రెండు మందికి సరి. అరలీటరు పట్టే మెస్ గ్లాసులన్నిటికీ ఆ ఎత్తులో టేపు అంటించి గీత పెట్టాను.

శుక్రవారం అతను కొత్త లుంగీ కట్టుకొని, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ పళ్లెంలో పేర్చి, గరిటె పట్టుకున్నాడు. మొదటి గ్లాసు నాకే పోశాడు, అంచు దాకా.

“గీత వరకే అన్నానుగా?”

“గీత దాకా పోసేది మందు సారూ.”

ప్రతి గ్లాసూ అలాగే నింపాడు. ముప్పై నాలుగో గ్లాసుకు గిన్నె అడుగు కనిపించింది. వరసలో ఇంకా ఏడుగురు, ఎనిమిదోవాడు అతనే. గిన్నె అంచులకు అంటిన చిక్కటి అంబలిని గరిటెతో గీకి, నీళ్ల జగ్గు అందుకున్నాడు. వెంటనే నా నోట సైట్‌లో వచ్చే గొంతు వచ్చింది: “నీళ్లు పోయకు!”

వెనక నుంచి ఎవరో అన్నారు: “భాయ్ లోడు మళ్లీ రిజెక్ట్!” అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. జగ్గు కింద పెట్టి, ఆ ఏడుగురి దగ్గరకూ పోయి ఒక్కొక్కరి చెయ్యి పట్టుకొని ఏదో చెప్పాడు. తాను తాగలేదు. రాత్రి పదింటికి కంపెనీ వ్యాను ఎక్కాడు. మిగిలిన కిలో పిండిని నా బల్ల మీద పెట్టి పోయాడు.

మూడు వారాలు దాన్ని ముట్టుకోలేదు. ఏప్రిల్‌లో ఒక గురువారం, అతను చెప్పినట్టే, ఒక పెద్ద ఫ్లాస్కులో గట్టిగా కలిపాను. పొద్దున కాచేటప్పుడు మిగతా నీళ్లు పోశాను. పలచబడలేదు, విరగలేదు, రుచి ఆనాటిదే. నాలుగు లీటర్ల మూడు వందలు వచ్చింది. ఐదు కిలోలకూ ఆ లెక్కే వేస్తే, అంచు దాకా నింపినా నలభై మూడు గ్లాసులు. నలభై రెండు మందికి ఒకటి ఎక్కువ.

ఆ కిలోలో నిండు గ్లాసులు ఎనిమిది. ఏడుగురినీ వెతుక్కుంటూ పోయాను. నలుగురే దొరికారు. ఇద్దరిని ఇబ్రి సైట్‌కు మార్చారట, ఒకడు సెలవు మీద ఊరెళ్లాడు. దొరికిన నలుగురికీ పోశాను. నా గ్లాసు నేను మార్చిలోనే తాగాను గనుక మిగిలినది తాగబుద్ధి కాలేదు.

ఆ రాత్రి అతనికి ఫోన్ చేసి అంకెలన్నీ చదివాను. చాలాసేపు నవ్వాడు.

“అయితే సారూ, ఆ పొద్దు నువ్వు తిప్పి పంపిన నా లోడు కూడా మంచిదేనా?”

“లోడు రిజెక్టే. అంబలిలో తప్పు నాది.”

“పోనీలే సారూ. ఆ పిండి అయిపోయె గదా,” అన్నాడు.

అయిపోయింది. ఆ మార్చి శుక్రవారానికి నా లెక్కల పుస్తకంలో ‘34 గ్లాసులు’ అని ఉంది. కొట్టివేయడానికి వీల్లేదు, అది సరైన అంకె.