పదో రోజు ఎగ్ నూడిల్స్

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. నాలుగు చినుకులు పడితే వంశధారకు వరదొచ్చిందంటాను. తుమ్మితే ప్రాణం పోయి తిరిగొచ్చిందంటాను. మా ఇంట్లో నా మాటను సగానికి కోసి, ఆ సగాన్ని ఎండలో ఆరబెట్టి గానీ నమ్మరు. మీరూ అలాగే చదవండి.

నరసన్నపేటలో హైవే దిగిన చోట ఒక ఫాస్ట్‌ఫుడ్ బండి ఉంది. సాయంత్రం ఆ బండివాడు ఇనప మూకుడు మీద గరిటె కొడితే ఒడిశా సరిహద్దులో గేదెలు బెదిరి కట్లు తెంచుకుంటాయి. వాడి ఎగ్ నూడిల్స్ ఘాటుకు అంత దూరాన ఎచ్చెర్లలో పరీక్ష రాస్తున్న పిల్లలు తుమ్ముతారు. ఆ బండి దగ్గర నేనూ మా బావా, అంటే మా అక్క మొగుడూ, ఏళ్ళ తరబడి నిలబడి తిన్నాం. కూర్చుని తిన్నదే తిండి, నిలబడి తిన్నది లెక్కలోకి రాదని మా బావ సిద్ధాంతం. అక్కడ మెక్కి, ఇంటికెళ్ళి మళ్ళీ కంచం ముందు కూర్చునేవాడు. ఆకలి లేదంటే అక్కకు అనుమానం వస్తుందని మారు కూడా వడ్డించుకునేవాడు.

గుండెలో ఏదో పట్టినట్టుందని ఇద్దరం కలిసి విజయనగరంలో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన మా ఇద్దరి కాగితాలూ చూసి, ఏది ఎవరిదో అడగను కూడా లేదు. తేడా ఉంటే కదా! బయటి తిండి ఆపకపోతే తన దగ్గరికి మళ్ళీ రావొద్దన్నాడు. నేను ఆ రోజే మానేశాను. నిగ్రహం కాదు, ఉత్త పిరికితనం. తిరుగు బస్సులో బావ నన్ను ఓదార్చాడు.

"ఒరే బామ్మర్దీ, ఏటీ బెంగెట్టుకోకు. నీ వాటా గూడా నేనే తినీస్తాను."

అన్న మాట నిలబెట్టుకున్నాడు.

మానేసి ఏళ్ళు గడిచినా నా కోరిక మాత్రం చావలేదు. మానింది నేను. నాలుకకు ఆ కబురు ఎవరూ చేరవేయలేదు. పొద్దు వాలేసరికి అది స్నానం చేసి, తల దువ్వుకుని, గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడుతుంది. చోడి అంబలి, అదే రాగి జావ, పోస్తే మొహం తిప్పుకుంటుంది. ఒకసారి నా భార్య జాలిపడి ఇంట్లోనే నూడిల్స్ చేసింది. గోధుమవి, నూనె లేకుండా, క్యారెట్ ముక్కలేసి. ఆసుపత్రి మంచం మీద కూర్చుని తింటున్నట్టుంది. నాకు కావలసింది ఆ పోగులు కాదని అప్పుడు తెలిసింది. మాడిన నూనె కావాలి, లారీలు రేపిన దుమ్ము కావాలి, పక్కన భుజం రాసుకుంటూ నిలబడి "ఇంకో అరప్లేటు సెప్పరా" అనే మనిషి కావాలి. ఇవన్నీ కలిపి ఏ ఇల్లాలు వండగలదు?

బావ సంగతి అక్కకు తెలిసిపోయింది. దొరికిపోయాక ఇంక దాపరికం ఎందుకనుకున్నాడో ఏమో, ఒక సాయంత్రం పొట్లం ఇంటికే తెచ్చుకున్నాడు. అక్క దాన్ని లాక్కుని పెరట్లో పెంట మీదికి విసిరేసింది.

"తిను! నా తాళి తెంపీసి మరీ తిను!"

బావ అన్నం ముట్టకుండా పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. ఇందులో నేను పెంచిందేమీ లేదు. పెంచడానికి చోటు లేదు.

ఆ రోజు నుంచి అక్కది ఒకటే మాట. "అలిగెల్లిపోనాడురా. ఆకలితో ఎల్లిపోనాడు." ఎవరు ఏం చెప్పినా ఎక్కలేదు. పచ్చి మంచినీళ్ళు తప్ప ఏదీ సరిగ్గా మింగలేదు.

పదో రోజు అందరం ఏటి ఒడ్డుకు వెళ్ళాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడతాం కదా. కాకి ముడితే మనిషి తృప్తిగా వెళ్ళినట్టు, ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకున్నట్టు. బూరెలు, చేపల పులుసు, కోడికూర, ఒక చుట్ట, అన్నీ పెట్టారు. కాకులు కరెంటు తీగ మీద వరుసగా కూర్చున్నాయి, పెళ్ళిలో రెండో బంతికి ఎదురుచూసే పెద్దమనుషుల్లా. ఒక్కటీ దిగలేదు. ఎండ ముదురుతోంది. అక్క ఆ తీగ వంకే చూస్తోంది.

బావ పెదనాన్నకు విసుగొచ్చింది.

"ఆడికి ఇష్టమైనదెట్టినారేట్రా అసలు?"

"అన్నీ ఎట్టినాం గదేటి!" అన్నారెవరో.

"బూరెలు ఆడెప్పుడు తిన్నాడ్రా? ఆ బండికాడ వానపాముల్లాటివి తింతాడు గదా, అయ్యి ఏవీ?"

అందరూ నా వైపు తిరిగారు. అక్క తల దించుకుంది.

"ఎల్లి తేరా," అంది.

పొద్దున్న పూట బండి ఎక్కడుంటుంది? బండివాడి ఇంటికే వెళ్ళాను. సంగతి విని, వాడు నోట్లోని వేపపుల్ల పారేసి పెరట్లోనే పొయ్యి వెలిగించాడు.

"బావగారికేనా? ఇంకో గుడ్డేస్తాను. కారమో?"

"ఎప్పట్లాగే."

"కాకి తట్టుకుంటాదేటండీ?"

"తట్టుకుంటాది, ఎయ్యి."

వేడి పొట్లం ఒళ్ళో పెట్టుకుని మోటారుసైకిలు నడిపాను. నా నోట్లో ఊరిన నీళ్ళలోకి భావనపాడు రేవు నుంచి పడవలు దింపొచ్చు. పోయినవాడు బావ, ఆయన్ను తీసుకెళ్ళింది నా ఒళ్ళో ఉంది, ఏడవాల్సిన చోట నోరూరుతోంది. సిగ్గేసింది. సిగ్గుపడినా ఊరడం ఆగలేదు.

మనుషులుంటే కాకి దిగదని పెదనాన్న అందరినీ జీడిచెట్ల వెనక్కి తోలాడు. "నువ్వొక్కడివుండి సూడు. ముడితే కేకెయ్యి," అన్నాడు. అక్క కూడా వెళ్ళి అటు తిరిగి కూర్చుంది.

విస్తట్లో పొట్లం విప్పాను. తీగ ఊగింది. ముందొక కాకి, తర్వాత పది, తర్వాత జిల్లాలో ఉన్నవన్నీ దిగాయి. ఒక్కో పోగునూ రెండేసి కాకులు చెరో కొసా పట్టుకుని లాగాయి. ఒక ముసలి కాకి అచ్చం బావలా మెడ పక్కకు వాల్చి, గుడ్డు ముక్క ఏరుకుని, కారానికి ముక్కు విదిలించి, మళ్ళీ వచ్చింది.

"ముట్టిందేట్రా?" చెట్ల వెనక నుంచి అక్క.

"ముట్టిందక్కా!"

"తిన్నాదా?"

"తింతన్నాదే! ఇంకో అరప్లేటడుగుతన్నాది!"

అక్క బావురుమంది. ఆ మధ్యాహ్నం కంచంలో అన్నం కలుపుకుంది.

గేదెలు, తుమ్ములు, పడవలు నేను పెంచినవేనని మీకు తెలుసు. అవి వదిలేయండి. పూర్తిగా కల్పించింది మాత్రం కాకిని. తీగ మీదున్నవి తీగ మీదే ఉండిపోయాయి. అక్క అడిగేసరికి నోటికొచ్చింది అనేశాను. ఇప్పుడిలా రాయడానికి భయం లేదు. అన్నీ అబద్ధాలేనని అక్క నా రాతలు చదవదు. వాళ్ళు వచ్చేలోపు విస్తరిని ఏట్లో వదిలేశాను. నూడిల్స్ విడిపోయి, నీళ్ళ మీద పొడుగ్గా సాగి, మలుపు దగ్గర కనుమరుగయ్యాయి. అప్పటిదాకా నా నోరూరుతూనే ఉంది. అది కల్పన కాదు.