తునికి చెట్టు కింద మా మేనత్త

ఈ ప్రయాణం ఒక సాలెపురుగు వల్ల మొదలైంది. జగిత్యాలలో మా ఇంటి వెనక గోడకు గూడు కట్టిన సాలెపురుగును ఒక పొద్దంతా కష్టపడి ఫోటో తీసి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కోరుట్లలో ఉండే మా మేనత్త రాజవ్వ మాత్రం ఫోన్ చేసింది.

"ఏం అల్లుడా, పురుగులకు, పుట్రలకు ఫోటోలు దీస్తున్నవ్. అత్త యాదికి రాలేదా?"

ఫోటో ఎందుకో కూడా అప్పుడే చెప్పింది. మామయ్య పోయినప్పుడు ఇంట్లో మంచి ఫోటో ఒక్కటీ దొరకలేదు. ఆధార్ కార్డు మీద ఉన్నదాన్నే పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి గోడకు పెట్టారు.

"పొద్దున లేస్తే గదే మొఖం. పోలీసోళ్లు పట్టుకపోతున్నట్టు సూస్తడు. నాకు గట్ల కావద్దు. రేపు నేను పోతే దండ ఏసే ఫోటో ఇప్పుడే మంచిగ దిగి, నా కండ్లతోని సూసుకోని పోత. ఎనక పూలుండాలె."

సిరిసిల్ల అవతల ఒక బొటానికల్ గార్డెన్ ఉందని, అక్కడ లేని పువ్వు ఉండదని నేను గొప్పగా చెప్పాను. అప్పటికి ఆ తోటను నేను ఫోన్లో తప్ప చూసి ఎరగను.

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. సెలవులు దొరికేది మే నెలలోనే. ఒక సోమవారం తెల్లవారగానే కెమెరా సంచి భుజాన వేసుకుని జగిత్యాలలో బస్సెక్కాను. కోరుట్ల బస్టాండులో అత్త అప్పటికే నిలబడి ఉంది. చిలకపచ్చ పట్టుచీర, కొప్పులో మల్లెలు, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సద్ది టిఫిన్.

"ఆలస్యమైంది" అన్నాను.

"నాకేం తొందర లేదు బిడ్డా. ఫోటో దిగకముందే మొఖం కరిగిపోతదని గంతే."

కోరుట్ల నుంచి వేములవాడ దాకా పోయి, అక్కడ సిరిసిల్ల బస్సు పట్టుకోవడం సులువు. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి, కండక్టర్ మా అత్త ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టి, నా దగ్గర మాత్రం పైసలు తీసుకున్నాడు. "సూసినవా, సర్కారుకు గూడ తెలుసు ఎవలకు ఇజ్జత్ ఇయ్యాల్నో" అంది అత్త కిటికీ పక్కన సర్దుకుంటూ. కథలాపూర్ దాటే దాకా మామిడికాయల లారీలు ఎదురొస్తూనే ఉన్నాయి. రోడ్డు అంచున వడ్ల కుప్పలు, వాటి మీద టార్పాలిన్ పట్టాలు. తొమ్మిది కాకముందే కిటికీ ఊచలు ముట్టుకుంటే కాలుతున్నాయి.

రుద్రంగిలో ఎక్కి మా ముందు సీట్లో కూర్చున్న ఒకామె అత్త చీరను ఎగాదిగా చూసింది.

"ఎటు పోతున్నవక్కా, పెండ్లికా?"

"పెండ్లికి కాదు, ఫోటో దిగుటానికి. దండ ఏసే ఫోటో."

"అయ్యో! ఎవలు పోయిండ్రు?"

"ఇంకా ఎవ్వలు పోలే" అంది అత్త. ఆమె వేములవాడ దాకా మళ్లీ వెనక్కి తిరగలేదు.

సిరిసిల్ల బస్టాండు నుంచి తోటకు ఆటో. గడ్డం నెరిసిన డ్రైవర్ నా సంచి చూసి, "గీ ఎండల ఫోటోలా భాయ్? పూలేడున్నయ్, అన్నీ సూఖ్ గయే, ఎండిపోయినయ్" అన్నాడు. అత్త నా వైపు చూసింది. నేను రోడ్డు వైపు చూశాను.

గేటు దగ్గర టికెట్లిచ్చే అమ్మాయి కెమెరాను చూసి, "ప్రీ వెడ్డింగ్ షూటా సార్? దానికి పర్మిషన్ తీసుకోవాలె" అంది.

"అవు బిడ్డా. పిలగాడే ఇంకా దొరకలే" అంది అత్త. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక మా టికెట్లు కింద పడేసుకుంది.

ఆటో డ్రైవర్ చెప్పింది నిజమే. గులాబీల మడిలో ముళ్లే మిగిలాయి. తామర కొలనులో నీళ్లు అడుగంటి, ఒక కొంగ ఒంటరిగా నిలబడి ఉంది. సీతాకోకచిలుకల తోట అని రాసి ఉన్న చోట ఒక కుక్క పడుకుంది. "గిది సీతాకోకనా?" అని అడిగింది అత్త. నన్ను దెప్పడం ఆమెకు సంబరం. అదృష్టం కొద్దీ రేల చెట్టు ఒకటి నిండుగా పూసి ఉంది. పసుపుపచ్చటి గుత్తులు నేల దాకా వేలాడుతున్నాయి. అత్తను దాని కింద నిలబెట్టాను.

అంతసేపూ గలగల మాట్లాడిన మనిషి, కెమెరా ఎత్తగానే గుంజలా బిగుసుకుపోయింది. చేతులు పక్కలకు అతికించి, కళ్లు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టింది. అచ్చం మామయ్య ఫోటో.

"కొంచెం నవ్వు అత్తా."

"సచ్చినామె నవ్వుతదారా?"

ఒక గంట కష్టపడ్డాను. ఒక్కటీ కుదరలేదు. ఆకలి మీద ఇద్దరం విసుక్కున్నాం కూడా. నీడ వెతుక్కుంటూ లోపలికి నడిచి, ఒక మధ్యరకం చెట్టు కింద కూర్చుని సద్ది విప్పాం. రొట్టెలు, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు. తింటూ తల ఎత్తితే కొమ్మకు కట్టిన బోర్డు కనబడింది.

"అత్తా, ఇది తునికి చెట్టు. మీ బీడీల ఆకు."

అత్త నోట్లో ముద్ద అట్లాగే ఆగిపోయింది. పరికిణీ కట్టిన వయసు నుంచి మొన్న మొన్నటి దాకా ఆమె బీడీలు చుట్టింది. ఆ చేతులతోనే కూతురు లతను చదివించింది. కానీ ఆమె పుట్టింది, మెట్టింది కోరుట్ల బజారులోనే. ఆకు కట్టలుగా ఇంటికొచ్చేది, పండ్లు గంపల్లో అమ్మకానికొచ్చేవి. చెట్టు దగ్గరికి ఆమె ఎన్నడూ పోలేదు.

లేచి, చేయి కడుక్కుని, ఒక ఆకును తెంపకుండానే వేళ్ల మధ్య పట్టుకుని రుద్ది చూసింది. తర్వాత నడుము మీద చేయి పెట్టుకుని చెట్టును నిలదీసింది.

"నువ్వేనా? నిన్ను కత్తిరిచ్చి కత్తిరిచ్చి నా నడుం వంగె, ఏండ్లన్నీ పాయె. నువ్వేమో పచ్చగ నిగనిగమంటున్నవ్! సిగ్గున్నదా నీకు?"

నేను కెమెరా ఎత్తాను. ఆమె చూడలేదు. తిట్టినంతసేపు తిట్టి, ఉన్నట్టుండి చెట్టు మొదలుకు ఆనుకుని కూలబడింది.

"అల్లుడా, నీకో ముచ్చట చెప్తా, ఎవలకు చెప్పకు. గర్భసంచిల గడ్డ ఉన్నదట. కరీంనగర్ డాక్టరమ్మ తీసెయ్యాలె అన్నది. రెండుసార్ల రమ్మన్నది, నేను పోలే."

"లతకు తెలుసా?"

"తెల్వది. బొంబాయి దిక్కు భివండిల మొన్ననే కొత్త నౌకరిల జేరింది. చెప్తే ఉరికొస్తది. నౌకరి పోతది. ఒకవేళ ఆ ఆపరేషన్ బల్ల మీదనే నాకేమన్నయితే... అందుకే ముందుగాల ఫోటో అన్న."

పొద్దుటి నుంచి ఆమె వేసిన జోకులన్నింటికీ నేను నవ్వాను. ఇప్పుడు భయం వేసింది, కోపం కూడా వచ్చింది. చివరికి నోటికొచ్చిందే అన్నాను: "లతకు చెప్పేదాక నీకు ఫోటో ఇయ్య."

"గిదేం బేరంరా?"

"ఆధార్ ఫోటోనే గోడకు పెట్టిస్త. మామ పక్కనే. ఇద్దరు దొంగలోలె ఉంటరు."

అత్త నన్ను కోపంగా చూసి, పైకి వస్తున్న నవ్వును కొంగులో దాచుకుంది. టిఫిన్ మూత బిగించి లేచింది.

సాయంత్రం వేములవాడలో కోరుట్ల బస్సెక్కాం. సీటు దొరికింది. చందుర్తి దాటాక అత్త తనంతట తానే ఫోన్ తీసింది. చెవికి సరిగా వినబడదని ఎప్పుడూ స్పీకర్ మీదే మాట్లాడుతుంది. లత మొదట ఏడ్చింది, తర్వాత తిట్టింది. "నౌకరి పోతే ఇంకోటొస్తది, నువ్వు పోతే ఏడికెల్లి తేవాలె?" అని ఆమె అరిచిన మాట డ్రైవర్ దాకా వినబడింది.

అప్పటికి బస్సంతా మా ఇంటి సంగతిలో పడింది. వెనక సీటు పెద్దమనిషి డాక్టర్ల పేర్లు చెబుతున్నాడు. నడవలో నిలబడ్డ ఒక నడివయసామె, బుర్ఖా వెనక్కి తోసుకుని, అత్త భుజం తట్టింది.

"నాది గూడ తీసిండ్రక్కా. ఘబరాయించకు. ఇగో, నిన్ననే బిందె నీళ్లు మోసిన. నిలబడి కోరుట్ల దాక పోతున్న, సూడు!"

"అయితే నువ్వు నిలబడు, నేను కూసుంట" అంది అత్త కళ్లు తుడుచుకుంటూ. ఆ మాటతో బస్సంతా నవ్వింది. అంటూనే పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది. లత ఆదివారానికి వస్తానంది. ఫోన్ పెట్టేశాక అత్త చాలాసేపు నా చేయి వదల్లేదు.

తర్వాత కెమెరా వెనక తెర మీద ఆ ఫోటో చూపించాను. నోరు తెరుచుకుని, ఊడిన పన్ను సందు కనబడేలా, చెట్టు వైపు వేలెత్తి ఉంది. నేను ఇన్నేళ్లలో తీసిన వాటన్నింటిలో అది మంచి ఫోటో.

"దీనికి దండేస్తరారా? సచ్చినామె గిట్ల తిడుతుంటే ఇంట్లకు ఎవలొస్తరు?"

ఆ తోట చూడాలనుకునే వాళ్లకు నేను చెప్పగలిగేది కొంచెమే. నీళ్లు తీసుకుపోండి, గొడుగు మరవకండి, పూల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. నీడ మాత్రం బాగుంటుంది, మనసులో మాట చెప్పుకోవడానికి చోటు దొరుకుతుంది.

కోరుట్లలో దిగి నేను జగిత్యాల బస్సెక్కాను. టిఫిన్ సంచి సర్దుకుని, అత్త కిటికీ కిందికి వచ్చి నిలబడింది.

"అల్లుడా, గీ ఫోటోలు పనికిరావు. వానకాలం మళ్ల పోదాం. అప్పటికి నేను గూడ మంచిగయిత, పూలు గూడ పూస్తయ్."