సూరమ్మ ఉపవాసాలు, సన్యాసమ్మ మొక్కు

బీహారులోని బాగ్‌బేరాలో రైలు యార్డు గోడను ఆనుకొని ఉన్న వరస ఇళ్లలో మా పక్క వాటా సన్యాసమ్మది. టెక్కలి దగ్గరి పల్లె నుంచి పెళ్లయిన ఏడాదే వచ్చింది. భర్త తవిటయ్య యార్డులో కాంట్రాక్టరు కింద వ్యాగన్ల నుంచి బస్తాలు దించేవాడు. అతని తల్లి సూరమ్మ, పదేళ్ల కూతురు రత్నం, ఇంకా బడికి వెళ్లని కొడుకు ఆ ఇంట్లో మిగిలిన మనుషులు. సన్యాసమ్మ మితభాషి. గుడికి వెళ్లగా నేను చూసింది తక్కువ. త్యాగమనే మాటను నమ్మే ముందు దానికి ప్రేక్షకులు ఎందరున్నారో చూసుకోవాలని నా అభిప్రాయం. ఈ ఇంట్లో జరిగినదానికి ప్రేక్షకులు లేరు. మధ్య గోడ సన్ననిది కాబట్టి కొంత మా చెవిన పడింది. మిగిలినది చాలా ఏళ్ల తరువాత సన్యాసమ్మే నా భార్య కాంతానికి చెప్పింది.

అది డెబ్బై నాలుగో సంవత్సరం. సాక్చి బజారుకు వెళ్లిన వాళ్లు ధరలు విని, వెళ్లినంత తొందరగా తిరిగి వచ్చే రోజులు. పప్పు కొంటే నూనె మానాలి, నూనె కొంటే పప్పు మరచిపోవాలి. వీటన్నిటికన్నా మా తెలుగు ఇళ్లను కుంగదీసింది బియ్యం. రేషను దుకాణంలో బియ్యం పేరుకు ఇచ్చి, మిగిలినదంతా గోధుమలే కొలిచేవారు. బజారు బియ్యం కూలివాళ్లకు అందే ధరలో లేదు. బీహారీ ఇళ్ల మధ్య పెరిగిన పిల్లలకు రొట్టె అలవాటే. పెద్దవాళ్ల సంగతి వేరు. మా ప్రాంతంలో రొట్టె అంటే జ్వరపడ్డవాడికి పెట్టే పథ్యం.

"నాకేటి జెరమొచ్చిందా, రొట్టి తిండానికి?" అని సూరమ్మ మొదటి రోజే తేల్చి చెప్పింది. నోట్లో నాలుగు పళ్లు కూడా లేని ముసలమ్మతో వాదించి లాభం లేదు.

బస్తాలు మోసేవాడు కాబట్టి తవిటయ్య డబ్బాలోకి అన్నం వెళ్లేది. మిగిలిన గంజీ మెతుకులూ సూరమ్మకూ పిల్లలకూ. సన్యాసమ్మ పొయ్యి దగ్గరే కూర్చుని రొట్టె తినేది. ఇలా కొన్నాళ్లు సాగింది. తరువాత సూరమ్మకు భక్తి పెరిగింది.

మొదట శనివారం ఉపవాసం, వెంకన్న పేర. అది పాత అలవాటే. తరువాత సోమవారం శివుడికి. ఆ వెనక గురువారం. ఏకాదశులు ఎప్పుడూ ఉన్నవే. ఉపవాసమంటే మంచినీళ్లు తప్ప మరేదీ ముట్టేది కాదు. ఉపవాసం నాడు అన్నం పనికిరాదు గాని, గోధుమ రవ్వతో చేసిన ఫలహారం తినవచ్చునని మా ఇళ్లన్నిటా ఆచారం ఉంది. సూరమ్మ దానికీ ఒప్పుకోలేదు.

"దాదీకి రోజూ వ్రత్ హై," అని రత్నం నానమ్మ గురించి వీధిలో చెప్పుకొచ్చేది. "భగవాన్ కూడా యాదికి పెట్టుకోడు అన్ని వ్రతాలు."

సన్యాసమ్మ దానిని భక్తి అనే నమ్మింది. వయసు మళ్లిన మనిషి, ఒంటరితనం, దేవుడు. ఇందులో అనుమానించడానికి ఏముంటుంది? పైగా ఆ ఉపవాసాల వల్ల పిల్లల కంచాల్లో నాలుగు మెతుకులు ఎక్కువ పడుతున్నాయి. ఆ సంగతి ఆమె గమనించకపోలేదు. దానిని దేవుడి దయ అనుకుంది.

ఒకనాటి ఉదయం వీధి కుళాయి దగ్గర సూరమ్మ నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకొని కిందికి జారి కూర్చుంది. బిందె దొర్లిపోయింది. సన్యాసమ్మా కాంతమూ చెరో పక్క పట్టి లేవదీశారు.

"ఏటైపోనాదత్తా?"

"ఏటీ నేదు. కాలు మడతడింది. ఈయాల ఏకాదశి గదా, ఒల్లు తేలిగ్గా ఉంటాది."

ముసలమ్మను లోపల పడుకోబెట్టి తిరిగి వచ్చాక కాంతం అంది: "ఏకాదశేటి సన్యాసమ్మా? మొన్ననే వెళ్లిపోయింది కదా. పంచాంగం చూసే నేనూ ఉపవాసం ఉన్నాను. ఇవాళ త్రయోదశి."

మొన్న కూడా సూరమ్మ ఏకాదశి ఉపవాసమే ఉంది. పంచాంగం ముఖం చూడకుండా, చంద్రుణ్ణి బట్టి తిథి చెప్పగల మనిషి ఆమె. వరసలో ఎవరి ఇంట్లో తద్దినమైనా ముందు ఆమెనే అడిగేవారు. అటువంటి మనిషి మూడు రోజుల్లో రెండు ఏకాదశులు చేసింది. సన్యాసమ్మకు ఆ క్షణంలో అంతా అర్థమైంది. ముసలమ్మకు దేవుళ్లు అయిపోయారు.

"మా వేపు లెక్క వేరు కాంతమ్మగారూ," అని మాత్రం అని బిందె ఎత్తుకొని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తరువాత ఆమె ఏమి ఆలోచించిందో తెలిసినప్పుడు, నాకు ఒక తార్కికుడి వాదం విన్నట్టనిపించింది. భర్తకు చెప్పవచ్చు. చెబితే తవిటయ్య తన డబ్బాలో అన్నం తగ్గించుకుంటాడు. బస్తాలు మోసేవాడి అన్నం తగ్గితే ఆ ఇల్లు నిలవదు. అత్తనే అడగవచ్చు. అడిగితే ఆమె కాదంటుంది, దేవుడి మీద ఒట్టు పెట్టి కాదంటుంది. ఒట్టు పడ్డాక, రేపు బియ్యం చవకైనా ఆమెకు తినే వీలుండదు. బతిమాలవచ్చు. బతిమాలితే, తాను పెట్టినది కోడలు తిరిగి ఇచ్చేస్తున్నదని ఆమె మనసు నొచ్చుకుంటుంది. నోరు విప్పితే ఏ దారీ లేదు. విప్పకపోతే అత్త బతకదు.

సన్యాసమ్మ ఆ శనివారం స్నానం చేసి, యార్డు అవతల మనవాళ్లు రాళ్లు పేర్చి నిలబెట్టుకున్న అమ్మవారి దగ్గరకు ఒక్కతే వెళ్లి వచ్చింది. వచ్చి తిరగలి ముందు కూర్చుని గోధుమలు విసరడం మొదలుపెట్టింది. పొద్దు వాలేసరికి తవిటయ్య పని నుంచి వచ్చాడు. రవ్వలో పచ్చిమిరపకాయా అల్లమూ వేసి, పళ్లు లేని నోటికి కూడా సాగేటట్టు పలుచగా ఉడికించి, అందరి కంచాల్లోనూ వడ్డించింది. అత్త ముందు కూడా ఒక కంచం పెట్టింది.

"ఏటిది? నాకియ్యాల ఉపాసం," అంది సూరమ్మ.

"నానూ మొక్కీసుకున్నానత్తా. నువ్వు ఉపాసమున్న రోజున ఇంటిల్లిపాదికీ ఉపాసమే. పొయ్యి మీద బియ్యమెక్కదు. పలారమే."

"ఏటికి మొక్కీసుకున్నావే?"

"పైకి సెప్తే మొక్కు సెల్లదని నువ్వే గదా అంతావు."

తవిటయ్య కంచం కేసి చూసి నిట్టూర్చాడు. "లోడింగోడికి మొక్కులేటే? నా బొజ్జ సూసి అమ్మోరికి జాలి రాదేటి?"

"మొక్కినదాన్ని నాను. జాలంటే ముందు నా మీద రావాల," అంది సన్యాసమ్మ. "అత్తా, సెయ్యెట్టు."

"మీరు తినండి. నాకు మంచినీల్లు సాలు."

"మొక్కు పలారం పెద్దోలు ముట్టకుండా పిల్లలకెలాగెడతాను? ఇదీ నువ్వు సెప్పిందే."

ఆ ఇంట్లో అది సూరమ్మ పెట్టిన నియమమే. పిల్లలు కంచాల ముందు చేతులు కట్టుకొని కూర్చున్నారు. రవ్వ మీద ఆవిరి తగ్గుతోంది.

"దాదీ, భూఖ్ లగీ హై," అంది రత్నం, ఆకలికి ఆగలేక. "ఒక్క ముద్ద తినీ. తర్వాత వ్రత్ చేసుకో."

సూరమ్మ కోడలి వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో ఏముందో సన్యాసమ్మ చెప్పలేకపోయింది. చివరికి ముసలమ్మ వేలి కొసతో తీసి నోట్లో వేసుకుంది. పిల్లలు కంచాల మీద పడ్డారు.

"ఉప్పు సాల్లేదు," అని సూరమ్మ కంచం పక్కకు నెట్టింది.

సన్యాసమ్మ ఉప్పు తెచ్చి కలిపింది. "ఇప్పుడు సూడు."

ఇంకో ముద్ద. "ఇప్పుడెక్కువైంది."

సన్యాసమ్మ ఇంకొక గరిటెడు రవ్వ వేసి కలిపింది. "ఇప్పుడు?"

"కారం సాల్లేదు."

"మీ తగువు తేలీసరికి తెల్లారిపోద్ది," అన్నాడు తవిటయ్య, వేళ్లు నాకుతూ. "అమ్మా, తినీరాదా? బాగానే ఉంది."

ఉప్పూ కారమూ సరిచూస్తూనే ముసలమ్మ ఆ కంచం ఖాళీ చేసింది. 

నా దృష్టిలో ఇంతవరకు జరిగింది నేర్పు మాత్రమే. నేర్పుకు నేను తొందరగా చేతులు జోడించను. కాని ఆ మొక్కులో ఒక లోతు ఉందని తరువాత తెలిసింది. సన్యాసమ్మకు దేవత పేర అబద్ధమాడటం భయం. అందుకే నిజంగానే మొక్కింది. అత్త మళ్లీ అన్నం తినాలన్నదే ఆమె అడిగిన కోరిక. ఆ కోరిక తీరే దారిని ఆమె మొక్కులోనే పెట్టింది. అమ్మవారు చేయవలసిన పనిలో సగం తన చేతుల్లోకి తీసుకుని, మిగిలిన సగం అమ్మవారికే వదిలింది. నీతిని గురించి పెద్దవాళ్లు రాసినవి చదివినప్పుడు, నిజమూ దయా ఎదురెదురుగా నిలబడితే ఏది ఎంచుకోవాలన్న చర్చ చాలా చోట్ల కనిపించింది. రెండింటినీ ఒకే వాక్యంలో నిలబెట్టిన మనిషిని నేను చూసింది ఆ గోడ అవతలే.

ఆ మిగిలిన సగం మంగళవారం నాడు తేలింది. ఉదయం, ఎసరు మరుగుతున్న వేళ, కాంతం చేటలో కరివేపాకు పట్టుకొని వాళ్ల ఇంటికి వెళ్లింది. సూరమ్మ గుమ్మంలో కూర్చుని, ఎవరినీ చూడకుండా, "నాకీయాల ఉపాసం," అంది. మంగళవారం ఆమె ఉపవాసాల్లో ఎన్నడూ లేదు.

సన్యాసమ్మ లేచింది. కడిగి ఉంచిన బియ్యం నీళ్లు వంపి, గుడ్డ మీద ఆరబోసింది. పొయ్యి మీది ఎసరు దించి పక్కన పెట్టింది. తిరగలి ముందుకు లాక్కుని గోధుమలు పోసింది. తవిటయ్య డబ్బా మూత తీసి ఉంది, ఖాళీగా. చిన్నవాడు దాని పక్కనే కూర్చుని అన్నం ఎప్పుడని అడుగుతున్నాడు. తిరగలి తిరుగుతోంది. తన ఉపవాసం ఇంక ఎవరికీ మెతుకు మిగల్చదనీ, మిగల్చకపోగా కొడుకు డబ్బాలోంచీ మనవడి కంచంలోంచీ తీసేస్తుందనీ సూరమ్మకు తెలియడానికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

కాంతం కరివేపాకు కింద పెట్టలేక, చేతిలోనే పట్టుకొని నిలబడిపోయింది.

"ఒలే," అంది సూరమ్మ. "మరిసిపోనాను. నాది మంగళారం గాదు."

తిరగలి ఆగింది. "మరేటత్తా?"

"శనారం, ఏకాదశి. ఆపైని నాకు దేముల్లు నేరు."

"ఏకాదశి నెలకి రెండేనా?"

"రెండే," అంది ముసలమ్మ, కొంచెం కటువుగా. "ఎవులి నెలకైనా రెండే."

సన్యాసమ్మ గుడ్డ మీది బియ్యం మళ్లీ దోసిట్లోకి తీసి, ఎసరు పొయ్యి మీదికి ఎక్కించి అందులో వేసింది. ఇదివరకు ఎంత వేసేదో అంతే. ఒక గింజ ఎక్కువ వేయలేదు; వేయడానికి లేదు. ఉడికాక తవిటయ్య డబ్బా నింపింది. మిగిలినది నాలుగు పాళ్లు చేసి, గంజి కలిపి, ఒకటి అత్త ముందు పెట్టింది. తన పాలు కూడా ఆ రోజు మొదటిసారి కంచంలో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. సూరమ్మ చెయ్యి అలవాటు చొప్పున మనవడి కంచం వైపు పోబోయి ఆగింది. తరువాత తన కంచంలోకి వంగి, ఎవరి వైపూ చూడకుండా, చివరి మెతుకు దాకా తిన్నది.