కుక్కర్ మేస్త్రీ కేక

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. కుక్కర్ మేస్త్రీకి దేవుడు ముక్కు ఇచ్చిందే కోపం కూర్చోడానికి పీట కావాలని. కలప డిపోలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పొద్దున్నే గేటు దగ్గర ఒక కూత, టీ చల్లారితే ఒక కూత, పక్కన ఎవడైనా తుమ్మితే ఇంకో కూత. అందుకే కుక్కర్. ఆ మాట ఎదురుగా అనే దమ్ము ఎవడికీ లేదు, చాటున అనని నోరూ లేదు.

ఆయన పని కేక వెయ్యడం. నవ్వకండి, అదీ పనే. డిపో వెనకవైపు దుంగల వరసల మధ్య సందులు మరీ ఇరుకు, క్రేను దూరదు. అక్కడ దుంగకి తాడు బిగించి ఎనిమిది మంది లాగాలి. ఎవడికి తోచినప్పుడు వాడు లాగితే దుంగ నవ్వుకుంటూ కూర్చుంటుంది. అందరూ ఒక్కసారి లాగితేనే కదులుతుంది. ఆ ఒక్కసారి ఎప్పుడో చెప్పేవాడే కేక మేస్త్రీ. "పట్టూ" అంటే బిగించాలి, "లాగూ" అంటే లాగాలి, "వదులూ" అంటే తాడు వదిలేసి పక్కకి దూకాలి. కేకేసేవాడు మనుషులకి వీపు పెట్టి దుంగకి ఎదురుగా నిలబడతాడు. దుంగ దొర్లితే ప్రాణాలు పోతాయి కాబట్టి కన్ను దాని మీదే ఉండాలి. ఈ విషయంలో కుక్కర్‌కి వంక పెట్టడానికి లేదు. ఆయన కేక కింద ఇంతవరకూ ఒక్కడి కాలి వేలు కూడా నలగలేదు.

చిక్కంతా మైదానంలో వచ్చింది. ఏటా డిపో జట్టుకీ గూడ్స్ షెడ్డు జట్టుకీ తాడు లాగుడు పోటీ. అదే ఎనిమిది మంది, అదే కేక. కాకపోతే తాడుకి అటు చివర దుంగ బదులు మనుషులుంటారు. కుక్కర్ మాత్రం అలవాటుకొద్దీ తనవాళ్లకి వీపు పెట్టి అవతలి వాళ్లనే చూసేవాడు. దుంగ తిట్టదు, షెడ్డు వాళ్లు తిడతారు. వాళ్లకి కేకేసే బట్టతలాయన ప్రతిసారీ నోటితో కుక్కర్ విజిల్ వేసి చూపించేవాడు. అంతే, మనవాడికి అరికాలి మంట నెత్తికెక్కేది. మండినప్పుడల్లా "లాగూ!" అనేవాడు. వెనక తనవాళ్లు ఊపిరి పీల్చుకున్నారో లేదో ఎవడికి కావాలి? వరసగా మూడేళ్లు మట్టి కరిచారు.

మూడో ఏడు తాడు చివర ఉన్నది ఆయన సొంత తమ్ముడు. డిపోలో వాడి పేరు దిమ్మ, మనిషీ అలాగే ఉంటాడు. చివరివాడు తాడుని కుడిభుజం మీంచి తెచ్చి ఒంటికి చుట్టుకుంటాడు, జట్టు బరువంతా వాడి మీదే. ఆ రోజు దిమ్మ కాలు జారింది, అందరూ వాడి మీదే కుప్పకూలారు. కుక్కర్ పరిగెత్తుకొచ్చి జనం ముందు ఎత్తుకున్నాడు.

"తిన్న తిండికైనా సిగ్గులేదట్రా నీకు! నీ నడుముకి కట్టే బదులు ఆ తాడు గోడకి కట్టినా గెలిచేవాళ్లం కదరా!"

దిమ్మ తాడు విప్పి, చుట్టచుట్టి, అన్న కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి వాడి నోట "అన్నయ్యా" అన్న పిలుపు లేదు. ఉండేది ఒకే ఇంట్లో, తినేది ఒకే వంటగదిలో. మాటలు మాత్రం వదిన మీదుగా పోవాలి. "వదినా, ఆయన్ని స్నానాల గదిలోంచి ఈ సంవత్సరమైనా బయటికి రమ్మను" అని వీడు. "లోపల మనిషున్నాడని నీ మరిదికి చెప్పవే" అని ఆయన. మధ్యలో ఆవిడ పోస్టాఫీసు.

ఈ ఏడు పోటీ దగ్గరపడేసరికి దిమ్మ మేనేజరు గదిలోకి వెళ్లి తెగేసి చెప్పాడు. "ఆయన కేకేస్తే నేను తాడు కట్టుకోను." తలుపు దగ్గర నిలబడ్డ మిగతా ఏడుగురూ "మేమూ అంతే సార్" అన్నారు. మేనేజరు కుక్కర్‌ని పిలిపించాడు.

"కంపెనీ వాళ్లు ఒక మేడమ్‌ని పంపిస్తున్నారు. కోపతాపాలు ఎలా అదుపులో పెట్టుకోవాలో క్లాసు చెప్తుంది. బుద్ధిగా కూర్చుని నేర్చుకో. పోటీలో వాళ్లు నీ కేక కింద నిలబడి లాగితే సరే. లేదంటే మైదానంలోనే కాదు, ఇక్కడ కూడా కేక ఇంకొకడికిస్తా. నువ్వు గేటు దగ్గర కూర్చుని లారీలకి చీటీలు చింపుకుందువుగాని."

ఆ మాట గుండెలో మేకులా దిగింది. కేక లేకపోతే ఆయనకి ఇంకేముంది? చదువు లేదు, రూపం లేదు, పెట్టుకున్న స్నేహం లేదు. ఆ గొంతు ఎత్తితే కొండంత దుంగ కదిలొస్తుంది, బతుకులో ఆయన చూసుకున్న గొప్ప అదొక్కటే.

క్లాసు భోజనాల గదిలో పెట్టారు. మేడమ్ గోడకి మొహాల బొమ్మలు తగిలించింది. ఒక బొమ్మ చూపించి, "ఈయన మనసులో ఏముందో చెప్పండి" అంది.

"పన్నునొప్పి" అన్నాడు కుక్కర్.

"దుఃఖమండీ."

"పన్ను పీకితే పోతుంది."

అందరూ కిసుక్కుమన్నారు. ఆవిడ కూడా నవ్వి, ఓపిగ్గా చెప్పింది. ఆటైనా, పనైనా, ఇల్లైనా, నెగ్గుకొచ్చేవాడు ముందు తన కోపాన్ని గుర్తుపడతాడు, ఆ తర్వాత ఎదుటివాడి మొహం చూస్తాడు. కోపమొస్తే పది దాకా లెక్కపెట్టండి. ఎదుటివాడు బాధలో ఉంటే, నీ బాధ నాకు అర్థమైందని చెప్పండి. ఆవిడ మాటలు బంగారం లాంటివే, కానీ పిచ్చోడి చేతికి రాయి దొరికితే ఏమవుతుంది?

మర్నాడు తాడు ముడి వదులుగా వేసినవాడి ముందు నిలబడి కుక్కర్ లెక్క మొదలుపెట్టాడు. "ఒకటీ… రెండూ… మూడూ…" కళ్లు ఎర్రగా, పిడికిళ్లు బిగించి. పది అయ్యాక ఏం జరుగుతుందో తెలియక వాడు ఆరు దగ్గరే పరుగు లంకించుకున్నాడు. జ్వరంతో వచ్చిన ఇంకొకడి చెవి దగ్గర నోరు పెట్టి, "నీ బాధ నాకు అర్థమైందిరా!" అని అరిస్తే వాడికి జ్వరంతోపాటు చెవిపోటు కూడా పట్టుకుంది. ఇంటికొచ్చి పెళ్లాం మీదా అదే మందు ప్రయోగించాడు.

"నీ బాధ నాకు అర్థమైందే."

"ఏ బాధ?"

"అదేదో నువ్వే చెప్పి తగలడు. అన్నీ నేనే చెప్పాలా?"

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడా తక్కువ తినలేదు. "నా బాధ తర్వాత చూద్దువుగాని. నీ తమ్ముడు ఏ చేత్తో నీళ్లు తాగుతున్నాడో చెప్పు."

"ఏ చేత్తో తాగితే ఏం? నోటితోనే కదా తాగేది."

"ఎడమచేత్తో. ఏడాదిగా. కుడిభుజం పైకి లేవట్లేదు వాడికి. కిందటి పోటీకి ముందే పట్టేసింది. ఆ భుజం మీదే తాడు వేసుకుని నీ కోసం నిలబడ్డాడు. నువ్వేమో గోడకి కట్టాల్సిందన్నావు."

కుక్కర్ "మరి నాకు చెప్పి చావొచ్చుగా!" అని అరిచాడు.

"నీకా? చెప్తే వినే మొహమేనా అది? వీధి చివర టీ కొట్టువాడికి తెలుసు. నీకు తప్ప అందరికీ తెలుసు."

ఆ రాత్రి ఆయనకి సిగ్గేసింది. సిగ్గేసినందుకు కోపమొచ్చింది, ఎందుకంటే ఆయనకి ఏదొచ్చినా చివరికి కోపంగానే వస్తుంది. కానీ మర్నాటి నుంచి తమ్ముణ్ణి చూడటం మొదలుపెట్టాడు. అదీ దొంగలా. పేపరు అడ్డం పెట్టుకుని, తలుపు సందులోంచి. దిమ్మ పెద్ద నీళ్ల క్యాను ఎడమభుజం మీదికి ఎత్తబోతూ కింది పెదవి పళ్ల కింద నొక్కిపట్టడం చూశాడు. డిపోలో దుంగ దగ్గర కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, మళ్లీ అదే పెదవి. దొరికింది అనుకున్నాడు, అదే వీడి నొప్పి. క్లాసులో తప్పిన బొమ్మని ఇప్పుడు గుర్తుపట్టినంత పొంగిపోయాడు.

"వదినా, ఆయన్ని నా వంక అలా చూడొద్దని చెప్పు. ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టుంది" అన్నాడు దిమ్మ.

"ఏడాదిగా మూగనోము పట్టావుగా, ఇంక చాలు. పోటీలో నిలబడతావా లేదా, అది చెప్పు" అందావిడ. గేటు దగ్గర చీటీలు చింపే మొగుణ్ణి ఇంట్లో రోజూ భరించడం తన వల్ల కాదని కూడా అంది.

దిమ్మ గోడ వంక చూస్తూ చెప్పాడు. "భుజం ఇంకా పైకి లేవదు గానీ నొప్పి తగ్గింది. నిలబడతా. కానీ ఒక్కటి. వీపు వాళ్లకి పెట్టాలి, మొహం మాకు పెట్టాలి."

పక్కగదిలోంచి కూత వినిపించింది. "శత్రువుకి వీపు చూపించమంటాడా! మా వంశంలో…" తర్వాత గొణుగుడు. "సరే అని చెప్పు."

పోటీ రోజు మైదానం నిండిపోయింది. దిమ్మ సరేననడంతో మిగతా ఏడుగురూ తాడు పట్టారు. మూడు లాగుళ్లలో రెండు గెలిచినవాళ్లది పోటీ. కుక్కర్ షెడ్డు వాళ్లకి వీపు పెట్టి నిలబడ్డాడు. బట్టతలాయన ఊరుకుంటాడా? "ఏం మేస్త్రీ, మమ్మల్ని చూస్తే భయమా?" అని విజిల్ వేశాడు. కుక్కర్ మెడ దానంతటదే తిరిగిపోయింది. "నీ అబ్బ…" అనేలోగా షెడ్డు వాళ్లు ఒక్క గుంజు గుంజారు, మొదటి లాగుడు పోయింది. దిమ్మ మట్టి దులుపుకుంటూ అన్న వంక చూసిన చూపుకి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

రెండోసారి మళ్లీ విజిల్. ఈసారి ఆయన తిరగలేదు. దవడలు నొప్పెట్టేలా పళ్లు బిగించి ఎనిమిది మొహాల్నీ చూశాడు. మూడోవాడికి ఊపిరి అందట్లేదు, అయిదోవాడి మడమ కుదురుకోలేదు. ఇన్నేళ్లూ ఇవేవీ ఆయన చూసింది లేదు. "పట్టూ…" అని అలాగే ఆపాడు. వీపు వెనక తిట్లు, ఈలలు, నవ్వులు. లోపల ఉడికిపోతున్నాడు. అయినా ఆపాడు. అవతలివాళ్లు లాగీ లాగీ అలిసిపోయారు, ఇవతల ఊపిరి తిరిగింది. అప్పుడు "లాగూ!" అన్నాడు. తాడు పరిగెత్తుకుంటూ వచ్చేసింది.

మూడోది చాలాసేపు సాగింది. చివరికి డిపో జట్టు అంగుళం అంగుళం తెచ్చుకుంది. తాడు మధ్య కట్టిన ఎర్రగుడ్డ గీత దాటడానికి ఇంకో జానెడు ఉంది, అంతే. ఒక్క కేక చాలు. ఆ క్షణంలో కుక్కర్ తమ్ముడి మొహం చూశాడు. కింది పెదవి పళ్ల కిందకి వెళ్లిపోయింది. గోడకి కట్టాల్సింది అన్న తన మాట తన చెవిలోనే మోగింది. గేటు, చీటీలు, మేనేజరు, అన్నీ గుర్తున్నాయి. అయినా గొంతు చించుకుని అరిచాడు.

"వదులూ!"

డిపోలో ఆ కేక వింటే చేతులు వాటంతటవే వదిలేస్తాయి. ప్రాణాలు కాపాడే అలవాటది. దిమ్మ ఒంటి చుట్టు జార్చేశాడు, ఎనిమిది మందీ తాడు వదిలేసి పక్కకి దూకారు. షెడ్డు వాళ్లు వెల్లకిలా పడి, ఆకాశం చూస్తూ గెలిచారు.

మైదానం గొల్లుమంది. కుక్కర్ తమ్ముడి దగ్గరికి పరిగెత్తి భుజం పట్టుకోబోయాడు. దిమ్మ ఆ చెయ్యి విదిలించి కొట్టాడు.

"ఒరేయ్ అన్నయ్యా! బుద్ధుందా నీకు! ఎవడు వదలమన్నాడ్రా!"

"నొప్పని… పెదవి కొరుక్కున్నావుగా…"

"అది నొప్పి కాదురా, లాగబోతున్నా! చిన్నప్పట్నుంచీ అంతే, బరువెత్తే ముందు పెదవి కొరుక్కుంటా! నొప్పొస్తే ఎడమకన్ను మూసుకుపోతుంది, వదిన్నడుగు! జానెడురా, జానెడు!"

తిట్టి తిట్టి వాడి గొంతు బొంగురుపోయింది. ఏడాది బాకీ మాటలన్నీ ఒక్కసారి తీర్చేశాడు. కుక్కర్ తల వంచుకుని ఒక్కటీ వదలకుండా విన్నాడు. తిట్ల మధ్య ఆ "అన్నయ్యా" ఎన్నిసార్లు దొర్లిందో వాడికి తెలియదు గానీ, ఆయనకి ప్రతిసారీ వినపడింది.

మర్నాడు పొద్దున మేనేజరు దుంగల దగ్గరికే వచ్చాడు. "గెలిచే పోటీ చేజార్చావు. మాటంటే మాటే. గేటు దగ్గరికి పద."

కుక్కర్ మెడలో తువ్వాలు తీసి దులుపుకున్నాడు. జట్టులో అందరి కడుపూ మండుతూనే ఉంది. తాడు చివర నిలబడ్డ దిమ్మే ఖాండ్రించి ఉమ్మి ముందుకొచ్చాడు.

"షరతేంటి సార్? వీడి కేక కింద మేం నిలబడి లాగాలి. నిలబడ్డాం, లాగాం. గెలవాలని మీరు అనలేదు."

"అంత తిట్టింది నువ్వే కదయ్యా."

"తిడతా. ఇంకా తిడతా. వీడికి మొహం చదవడం రాదు సార్, బండసున్నా. కానీ నిన్న చూశాడు. ఇన్నేళ్లలో ఎప్పుడైనా చూశాడా? కేక వీడికే ఉంచండి. చదవడం నేను తన్ని నేర్పిస్తా."

మేనేజరు మిగతావాళ్ల వంక చూశాడు. వాళ్లు నేల చూపులు చూస్తూనే ఒక్కొక్కరూ తాడు అందుకున్నారు. మీ ఖర్మ అన్నట్టు మేనేజరు పెదవి విరిచి వెళ్లిపోయాడు.

మేనేజరు ముందు "వీడు" అన్నందుకు కుక్కర్‌కి మండుకొచ్చింది. "ఒకటీ… రెండూ…" అని మొదలుపెట్టాడు.

"లెక్కలు తర్వాత, ముందు కేకెయ్యి. పొద్దెక్కుతోంది" అన్నాడు దిమ్మ.

కుక్కర్ వెళ్లి దుంగకి ఎదురుగా నిలబడ్డాడు. "పట్టూ…" అన్నాడు. లాగమనే ముందు ఒక్కసారి తల తిప్పి వెనక్కి చూశాడు. దిమ్మ రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి, కింది పెదవి పళ్ల కింద ఉంది. మేస్త్రీ దుంగ వైపు తిరిగి "లాగూ!" అని అరిచాడు.